రీఫర్ కంటైనర్ చల్లబరచదు: చెన్నై నుంచి పళ్ళు, రొయ్యలు పంపేవాళ్ళకి కొన్ని మాటలు

చెన్నై తంబుచెట్టి వీధి చుట్టుపక్కల ఫార్వర్డర్ (సరుకు ఓడలకి బుక్ చేసి పంపే ఏజెంట్) ఆఫీసులకి వచ్చే మనవాళ్ళు, నెల్లూరు రొయ్యలవాళ్ళయినా చిత్తూరు మామిడివాళ్ళయినా, మొదట అడిగేది ఒకటే: "నలభై అడుగుల రీఫర్ ఎంత పడుతుందండీ?" రేటు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్కటి బుర్రకెక్కించుకోండి. రీఫర్ కంటైనర్, అంటే ఫ్రిజ్ మెషిన్ బిగించిన ఓడ కంటైనర్, సరుకుని చల్లబరచడానికి చేసింది కాదు, అప్పటికే చల్లగా ఉన్న సరుకుని అలాగే ఉంచడానికి చేసింది. పొగలు కక్కే సాంబారు గిన్నె దించి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఇంట్లో అందరికీ తెలుసు, లక్షల సరుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో మర్చిపోతాం.

నేనూ మర్చిపోయినవాడినే. మొదటిసారి గల్ఫ్‌కి బంగినపల్లి వేసినప్పుడు, పొద్దున కోసిన కాయల్ని కడిగి ఆరబెట్టి సాయంత్రానికే కంటైనర్లోకి ఎక్కించేశాం. డిస్‌ప్లే మీద 13 డిగ్రీలు కనిపించింది, హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నాను. నేను చూసింది మెషిన్ లోపలికి ఊదే గాలి టెంపరేచర్. కాయ లోపల ఎంతుందో ఎవరూ చూడలేదు. కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి పుట్టిస్తూనే ఉంటుంది, కాబట్టి మధ్య వరసల్లో ఉన్న పెట్టెలు చల్లబడటానికి రోజులు పట్టింది, ఈలోగా కాయలు మాగడం మొదలైపోయింది. అక్కడ తలుపు తెరిస్తే మామిడిపండు వాసన గుప్పుమందట. మనకి నోరూరే వాసనే, డబ్బు కట్టినవాడికి మాత్రం కాదు.

అందుకని మొదటి ఖర్చు సూది ఉన్న థర్మామీటర్ మీద పెట్టండి. సరుకుని ముందు ప్రీకూలింగ్ గదిలో పెట్టి, కాయలో సూది గుచ్చి చూసి, పంపాల్సిన టెంపరేచర్‌కి వచ్చాకే లోడింగ్ మొదలుపెట్టండి. ఒక్క పెట్టె చూసి సరిపెట్టుకోవద్దు, వేరే వేరే వరసల్లోంచి తీసి చూడండి, అంకెలు రాసి పెట్టుకోండి, ఫోటోలు తీయండి. రొయ్యలైతే మధ్యలో మైనస్ 18 గానీ అంతకన్నా కిందకి గానీ ఉండాలి. కోల్డ్ స్టోరేజీవాళ్ళు "మైనస్ 12 ఉంది సార్, దారిలో దిగిపోతుంది" అంటారు. దిగదు. వెనక్కి పంపేయండి, మొహమాటపడితే నష్టం మీకే.

ఇక ఏ సరుకుకి ఎంత పెట్టాలి? మామిడికి మామూలుగా 12, 13 డిగ్రీల దగ్గర పెడతారు. అరటి 13, 14 మధ్య, అంతకన్నా కిందకి వెళ్తే తొక్క నల్లబడి కాయ సరిగ్గా మాగకుండా పోతుంది. ద్రాక్షకి సున్నా దగ్గర. దానిమ్మ 5 నుంచి 7. అంటే కంటైనర్ నిండటం లేదు కదా అని నాలుగు రకాలు కలిపి వేయడం కుదరదన్నమాట. టెంపరేచర్ ఒకటే అయినా మాగే పండ్ల నుంచి ఎథిలిన్ అనే మాగబెట్టే వాయువు వస్తుంది, అది తగిలితే పక్కనున్న పచ్చి కూరగాయలు పసుపు తిరుగుతాయి. కోయంబేడు మార్కెట్‌కి ఒకే లారీలో అన్నీ వేసుకుని వచ్చినట్టు సముద్రం మీద పంపలేం.

బుకింగ్ ఫారం మీద మైనస్ గుర్తు రెండుసార్లు చూసుకోండి. నవ్వొద్దు. ఒకసారి రొయ్యల కంటైనర్ బుకింగ్‌లో నేనే 18 అని కొట్టి పంపేశాను, కంటైనర్ తెచ్చిన డ్రైవర్ డిస్‌ప్లే చూసి "సార్, మైనస్ కాణోమే" (మైనస్ కనిపించట్లేదే) అన్నాడు కాబట్టి బతికిపోయాను, ఆ పూట అతనికి బిర్యానీ నాదే. డిగ్రీలు సెల్సియస్‌లో అని కూడా విడిగా రాయండి, ఎందుకంటే అమెరికా కొనుగోలుదారు సున్నా అన్నాడంటే అది ఫారెన్‌హీట్ సున్నా కావచ్చు, అంటే మన మైనస్ 18. బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, మీద కూడా అదే అంకె పడిందో లేదో చూడండి. వెంటిలేషన్ గురించి కూడా అక్కడే చెప్పాలి. ఫ్రోజెన్‌కి గాలి కిటికీ పూర్తిగా మూసి ఉండాలి. తాజా పండ్లకి కొంత తెరవాలి, లేకపోతే కార్బన్ డయాక్సైడ్, ఎథిలిన్ లోపలే పోగుపడతాయి. ఎంత తెరవాలో పర్సెంటేజీలో కాకుండా గంటకి ఇన్ని క్యూబిక్ మీటర్లు అని రాయించండి, మెషిన్ మోడల్ మారితే పర్సెంటేజీకి అర్థమూ మారిపోతుంది.

ఖాళీ కంటైనర్ వచ్చాక పీటీఐ, అంటే మెషిన్ పరీక్ష, ఎప్పుడు చేశారో అడిగి, లోపలికెళ్ళి తలుపు మూయించి ఎక్కడైనా వెలుతురు వస్తోందేమో చూడండి. వాసన పీల్చండి. పోయినసారి చేపలు మోసిన కంటైనర్లో పండ్లు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

లోడింగ్ దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. చల్లగాలి నేల మీదున్న టీ ఆకారపు గాడుల్లోంచి వచ్చి, సరుకు గుండా పైకెక్కి, కప్పు కింద నుంచి మెషిన్‌కి తిరిగి వెళ్తుంది. నీళ్ళలాగే గాలికీ సులువైన దారే కావాలి. తలుపు దగ్గర నేల ఖాళీగా వదిలేస్తే అక్కడి నుంచే పైకెళ్ళిపోతుంది, సరుకు వైపు చూడనే చూడదు. అందుకే నేలంతా కప్పాలి, మిగిలిన చోట గట్టి అట్ట పరచాలి. గోడ మీదున్న ఎర్ర గీత దాటి పెట్టెలు పేర్చకూడదు, నాలుగు పెట్టెలు ఎక్కువ పడతాయని ఆశపడితే గాలి తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. తాజా సరుకు పెట్టెల అడుగునా పైనా కన్నాలుండాలి, ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు ఆ కన్నాలు కలవాలి, ఎందుకంటే కాయలు పుట్టించే వేడిని గాలి లోపల నుంచి తీసుకుపోవాలి. ఫ్రోజెన్ దీనికి తలకిందులు. అది వేడి పుట్టించదు, బయటి నుంచి వచ్చే వేడిని ఆపితే చాలు, కాబట్టి సందు లేకుండా బిగించి ఒకే దిమ్మలా పేర్చాలి, గాలి చుట్టూ తిరుగుతుంది.

తలుపులు తెరిచి ఉన్నంతసేపూ మెషిన్ ఆపేయండి. మన చెన్నై ఉక్కపోత గాలి లోపలికి వెళ్తే కాయిల్ మీద మంచు కడుతుంది, పెట్టెలు చెమ్మగిల్లి మెత్తబడతాయి. ఖాళీ కంటైనర్‌ని ముందే చల్లబరిచి పెట్టమని కొందరు పట్టుబడతారు, కోల్డ్ స్టోరేజీ తలుపుకి కంటైనర్ అతుక్కునే డాక్ ఉంటే సరే, ఎండలో నిలబెట్టి ఎక్కించేటప్పుడు మాత్రం దానివల్ల చెడే ఎక్కువ.

తర్వాత పోర్టుకి వెళ్ళే రోడ్డు. ఎన్నూరు, మనలి వైపు కంటైనర్ లారీల వరస తెలిసినవాళ్ళకి తెలుసు, గంటల లెక్క చెప్పలేం. జెన్‌సెట్, అంటే దారిలో మెషిన్‌కి కరెంటిచ్చే జనరేటర్, ఉన్న ట్రైలరే మాట్లాడుకోండి, డీజిల్ నిండా ఉందో లేదో మీరే చూడండి, డ్రైవర్ నంబర్ దగ్గర పెట్టుకోండి. టెర్మినల్‌లోకి వెళ్ళాక ప్లగ్ పెట్టారా అని అడిగి రీడింగ్ తెప్పించుకునేదాకా నాకైతే టెన్షన్ తగ్గదు.

కాగితాలు మీ కస్టమ్స్ బ్రోకర్ చూసుకుంటాడు గానీ మీకూ తెలిసుండాలి. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్, తప్పనిసరి. పండ్లు, కూరగాయలకి అపెడా (వ్యవసాయ ఎగుమతుల సంస్థ) రిజిస్ట్రేషన్, తెగుళ్ళు, పురుగులు లేవని మొక్కల క్వారంటైన్ వాళ్ళిచ్చే ఫైటోసానిటరీ సర్టిఫికెట్. రొయ్యలకి ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ) రిజిస్ట్రేషన్, ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ హెల్త్ సర్టిఫికెట్. చెక్క ప్యాలెట్లయితే పురుగు లేకుండా వేడి చేయడం లాంటి ట్రీట్‌మెంట్ చేసినట్టు ముద్ర ఉండాలి. 2016 జూలై 1 నుంచి సరుకుతో సహా కంటైనర్ మొత్తం బరువు లెక్క, అంటే వీజీఎం, ఇవ్వకపోతే కంటైనర్‌ని ఓడ ఎక్కించరు.

సీల్ వేసే ముందు రెండు డేటా లాగర్లు, అంటే దారంతా టెంపరేచర్ రాసుకునే చిన్న పరికరాలు, పెట్టించండి, ఒకటి మధ్యలో, ఒకటి తలుపు దగ్గర. ఇన్సూరెన్స్ కాగితంలో మెషిన్ ఆగిన గంటల గురించి ఏం రాశారో చదవండి, వరసగా 24 గంటలు ఆగితేనే డబ్బిస్తామనే పాలసీలున్నాయి. అవతలివాడికి కూడా ఓడ బయల్దేరేలోపే చెప్పి పెట్టండి: తలుపు తెరిచిన వెంటనే, దించకముందే, సూది గుచ్చి టెంపరేచర్ ఫోటో తీయాలి, లాగర్లు పారేయకూడదు. నా మామిడి విషయంలో అవతలివాడు లాగర్‌ని ఖాళీ అట్టపెట్టెలతో పాటు చెత్తలో వేసేశాడు.