ఆస్కార్ ప్రొడక్షన్ డిజైన్ ఎవరికొస్తుంది? 11 మార్కుల లెక్క

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో నలుగురు తెలుగువాళ్లు చేరి, ఓడినవాళ్లు టిఫిన్లు పెట్టించాలన్న ఒప్పందం మీద ఆస్కార్ పందెం వేసుకుంటే, నటీనటుల విభాగాల్లో అందరూ ఇంచుమించు అవే పేర్లు రాస్తారు. తేడా వచ్చేది ప్రొడక్షన్ డిజైన్ లాంటి చోట, అంటే సెట్లు, కథ జరిగే చోట్లు తీర్చిదిద్దే పనికిచ్చే అవార్డు దగ్గర. 2012లో పేరు మార్చేదాకా దీన్ని ఆర్ట్ డైరెక్షన్ అనేవారు. పేరు మారాక 2024 సినిమాల దాకా 13 అవార్డులు వచ్చాయి. ఈ లెక్క వాటి మీద సరిచూసిందే.

ముందు ఓటు ఎవరిదో తెలియాలి. నామినేషన్లు వేసేది ఆస్కార్లిచ్చే అకాడమీలో ఆ శాఖ సభ్యులు, అంటే అదే పని చేసేవాళ్లు. విజేతను ఎన్నుకునేది మాత్రం ఓటున్న సభ్యులందరూ, అటూ ఇటూగా పదివేల మంది. బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి వీధిలో పెట్టిన బొమ్మల కొలువు చూసినట్టే: బొమ్మలు చేసేవాడు వేళ్ల మడతలు, అతుకులు చూస్తాడు, జనం దూరం నుంచే ఎంత వైభవంగా ఉందో చూస్తారు. అందుకే నామినేషన్లలో పనితనం గెలుస్తుంది, ఫైనల్లో కంటికి ఆనేది గెలుస్తుంది. మీ అభిరుచిని పక్కన పెట్టేయాల్సింది ఇక్కడే.

జనవరిలో నామినేషన్లు రాగానే ఐదు సినిమాల పేర్లూ ఒక కాగితం మీద వరసగా రాయండి. ఉత్తమ చిత్రం నామినేషన్ కూడా ఉంటే 3 మార్కులు. అమెరికాలో ఈ పని చేసేవాళ్ల సంఘం, ఆర్ట్ డైరెక్టర్స్ గిల్డ్, యానిమేషన్‌ది పక్కన పెడితే సినిమాలకు మూడు అవార్డులు ఇస్తుంది: పీరియడ్ (పాతకాలం కథలు), ఫాంటసీ, కాంటెంపరరీ (ఈ కాలం కథలు). మొదటి రెండిట్లో ఏది గెలిచినా 3, కాంటెంపరరీ అయితే 1. ఇదే విభాగంలో విమర్శకులిచ్చే క్రిటిక్స్ ఛాయిస్ గెలిస్తే 2. ఇదే విభాగంలో బ్రిటన్ అకాడమీ ఇచ్చే బాఫ్టా గెలిస్తే 2. ఆస్కార్ కాస్ట్యూమ్స్ నామినేషన్ ఉంటే 1. మొత్తం 11.

పదకొండుకి పదకొండూ వస్తే ఇంక ఆలోచించొద్దు. గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్, మ్యాడ్ మ్యాక్స్ ఫ్యూరీ రోడ్, షేప్ ఆఫ్ వాటర్, మ్యాంక్, డ్యూన్, విక్‌డ్, ఈ ఆరూ అలాగే గెలిచాయి.

చిక్కంతా బాఫ్టాతో. ఆ 13 ఏళ్లలో బాఫ్టా, ఆస్కార్ ఐదుసార్లు వేరుపడ్డాయి. అందులో నాలుగుసార్లు బాఫ్టా తీసుకెళ్లింది బ్రిటిష్ సినిమాలే: లే మిజరాబ్ల్, ఫెంటాస్టిక్ బీస్ట్స్, ది ఫేవరిట్, 1917. సొంతింటి పిల్లల మీద ప్రేమ, తప్పేం కాదు, కానీ పందెంలో మునిగేది మనం. కాబట్టి బాఫ్టాలో ఉత్తమ బ్రిటిష్ చిత్రం జాబితాలో కూడా ఉన్న సినిమాకి 2 బదులు 1 వేయండి. 2018 సినిమాల లెక్క చూస్తే ఇది ఎందుకో అర్థమవుతుంది. బ్లాక్ పాంథర్‌కి ఉత్తమ చిత్రం 3, గిల్డ్ ఫాంటసీ 3, క్రిటిక్స్ ఛాయిస్ 2, కాస్ట్యూమ్స్ 1, మొత్తం 9. ఫేవరిట్‌కి ఉత్తమ చిత్రం 3, గిల్డ్ పీరియడ్ 3, బాఫ్టా 2, కాస్ట్యూమ్స్ 1, అదీ 9. బాఫ్టా సగం కోస్తే 8. గెలిచింది బ్లాక్ పాంథరే. దాని డిజైనర్ హానా బీచ్లర్ ఈ విభాగంలో గెలిచిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్.

కాంటెంపరరీకి ఒక్క మార్కేనా అని అడగొచ్చు. గిల్డ్‌లో ఆ అవార్డుతో పాటు ఈ ఆస్కార్ కూడా గెలిచింది 13 ఏళ్లలో లా లా ల్యాండ్ ఒక్కటే, అదీ రంగులు పరిచిన మ్యూజికల్ కాబట్టి. గిల్డ్ కాంటెంపరరీ గెలిచిన పారసైట్‌లో ఆ డబ్బున్నవాళ్ల ఇల్లు సినిమా కోసం కట్టిన సెట్. చూసేవాళ్లకి మాత్రం ఎవరిదో ఇల్లు అద్దెకు తీసుకున్నట్టే ఉంటుంది. ఎంత బాగా కడితే అంత కనబడకుండా పోతుంది, ఓటు రాదు. విక్‌డ్‌కి ఇంగ్లండ్‌లో పొలాలకు పొలాలు నిజం తులిప్ పూలు వేశారన్న వార్త ఓటర్ల చెవిన పడకుండా ఉంటుందా? కట్టిన సెట్ల గురించి పెద్ద ప్రచారం నడుస్తున్న సినిమాకి మార్కులు సమానమైనప్పుడు మొగ్గండి. దానికి విడిగా మార్కు మాత్రం వేయొద్దు.

ఈ పద్ధతి ఆ 13లో 11 సార్లు విజేతనే పైకి తెస్తుంది. తప్పేది రెండుసార్లు. 2012 సినిమాల్లో గిల్డ్ పీరియడ్, క్రిటిక్స్ ఛాయిస్ అన్నా కరెనీనాకి, గిల్డ్ ఫాంటసీ లైఫ్ ఆఫ్ పైకి, బాఫ్టా లే మిజరాబ్ల్‌కి పోయాయి, ఏ సినిమాకీ 6 దాటలేదు, లింకన్ 4 మార్కులతో గెలుచుకుపోయింది. పైన ఉన్న సినిమాకి 6 దాటకపోతే ఆ ఏడు మీ కాగితాన్ని నమ్మొద్దు. రెండోది 2022 సినిమాలది, నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన రాత్రే. బాబిలోన్‌కి గిల్డ్ పీరియడ్, క్రిటిక్స్ ఛాయిస్, బాఫ్టా మూడూ వచ్చాయి, కాస్ట్యూమ్స్ నామినేషన్‌తో కలిపి మొత్తం 8, ఉత్తమ చిత్రం నామినేషన్ మాత్రం లేదు. గెలిచింది ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్. దానికి తొమ్మిది నామినేషన్లున్నాయి, అంతకు కొన్ని వారాల ముందే ఉత్తమ చిత్రంతో సహా ఏడు బాఫ్టాలు పట్టుకుపోయింది. ఆ 13లో ఉత్తమ చిత్రం నామినేషన్ లేకుండా గెలిచింది గ్రేట్ గాట్స్‌బీ ఒక్కటే. పై సినిమాకి ఆ గడి ఖాళీగా ఉంటే ఎర్ర సిరాతో చుట్టి, చివరి నెలలో ఊపు మీదున్న సినిమా ఏదో చూడండి.

కాస్ట్యూమ్స్ అవార్డు ముందే ప్రకటించేస్తే ఇదీ దానికేనని గెంతకండి. రెండూ ఒకే సినిమాకి వచ్చింది 13లో ఆరుసార్లే.

సినిమా బరంపురం థియేటర్‌కి రాలేదే అని బెంగ వద్దు. భువనేశ్వర్, విశాఖ వెళ్లి చూస్తే మంచిదే, లేకపోతే ఓటీటీ. అసలు చూడకపోయినా మార్కులు మారవు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: 98వ ఆస్కార్ నుంచి ఒక విభాగంలో ఓటేయాలంటే అందులోని సినిమాలన్నీ చూసి ఉండాలన్న నిబంధన వచ్చింది. చూడకుండా పేరు విని గుద్దే ఓట్లు తగ్గితే ఉత్తమ చిత్రం నామినేషన్ బలం కాస్త సడలొచ్చు. అలా రెండు మూడేళ్లు కనబడేదాకా ఆ 3ని ముట్టుకోవద్దు.

ఈ కాగితాన్ని మన జాతీయ అవార్డులకి వాడబోకండి. అక్కడ ముందుగా ప్రకటించే నామినేషన్లుండవు, జ్యూరీ కూర్చుని తేలుస్తుంది. మరాఠీ ఆనందీ గోపాల్‌కి ఒకసారి, మలయాళం కప్పెలకి మరుసటిసారి ఇచ్చారు. ఏ గిల్డూ ముందే చెప్పేది కాదు.

పందెం కాగితాలు ముందు రోజు రాత్రికే తీసేసుకోండి. వేడుక మనకి తెల్లవారుజామున మొదలవుతుంది. అమెరికాలో గడియారం ముందుకు జరిపే ఆదివారం మార్చిలోనే వస్తుంది కాబట్టి, లాస్ ఏంజెలస్‌లో సాయంత్రం 4 అంటే 2024లో మనకి 4:30 అయింది, 2025లో 5:30. టైమ్ అడ్డం పెట్టుకుని ఫలితం తెలిశాక కాగితం ఇచ్చేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు.