పాత అమెరికా ఫొటోను చదవడం ఎలా?

1943 ఏప్రిల్. అయోవా రాష్ట్రంలోని క్లింటన్ ఊరు. తలలకు రంగురంగుల గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు ఓ గదిలో బల్ల దగ్గర కూర్చుని మధ్యాహ్నం తిండి తింటున్నారు. జాక్ డెలానో తీసిన రంగుల ఫొటో. 'భలే ఉందే' అని పక్కకు జరిపేస్తే రెండు సెకన్లు. చదవాలంటే మాత్రం ఓ గంట పెట్టుకోండి.

ముందు మంచి కాపీ సంపాదించండి. అటూ ఇటూ ఫార్వర్డ్ అయ్యేవాటికి అంచులు కత్తిరించి ఉంటాయి, రంగులు మార్చి ఉంటాయి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఎస్‌ఏ-ఓడబ్ల్యూఐ సేకరణ తెరవండి. ఈ రెండూ అప్పటి ప్రభుత్వ శాఖల పొట్టి పేర్లు: ఎఫ్‌ఎస్‌ఏ వ్యవసాయ భద్రతా శాఖ, ఓడబ్ల్యూఐ యుద్ధ సమాచార శాఖ. 1935 నుంచి 1944 దాకా ప్రభుత్వం తరఫున తీయించినవి: సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగటివ్‌లు, 1,600 దాకా రంగులవి. ఊరి పేరు, రాష్ట్రం పేరు ఇంగ్లిష్‌లో కొట్టి, దొరికినదాంట్లో అన్నిటికన్నా పెద్ద ఫైలు దించుకోండి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో చూస్తే మేలు.

ఇప్పుడు కింద రాసిన వివరం చదవకుండా దాన్ని చేత్తో మూసేయండి. ముఖాలు మనల్ని లాగేస్తాయి కాబట్టి వాటిని చివరికి ఉంచి చేతులు, బట్టలు, బల్ల, గోడ చూడండి. కనబడ్డవి కాగితం మీద రాసుకోండి. నేను మొదటిసారి ఆ తలగుడ్డలు చూసి ఏ బట్టల మిల్లో అనుకున్నాను.

చెయ్యి తీసి చదివితే 'రౌండ్‌హౌస్‌లో వైపర్లు' అని ఉంది. డిక్షనరీ పట్టుకుంటే గుండ్రటి ఇల్లు అనుకుంటాం. రైల్వే ఊరు బిట్రగుంట వాళ్లనడగండి, రైలింజన్లు నిలిపే లోకో షెడ్డని ఠక్కున చెప్తారు. మగవాళ్లు యుద్ధానికి వెళ్లడంతో ఆవిరి ఇంజన్లను తుడిచే పని వీళ్ల చేతికొచ్చింది. ఆ మసి, గ్రీజు తలుచుకుంటే తలగుడ్డ సోకు కాదని తెలిసిపోతుంది.

తర్వాత తేదీ పట్టుకోండి. 1942 నవంబర్ నుంచి 1943 జూలై దాకా అమెరికాలో కాఫీ రేషన్. చక్కెరకూ రేషనే. అది గుర్తుపెట్టుకుని మళ్లీ ఆ బల్ల వైపు చూడండి.

ఫొటో తీయించింది ఎవరన్నదీ ముఖ్యమే. ఓడబ్ల్యూఐ యుద్ధ సమాచార శాఖ కదా. ఆడవాళ్లు హుషారుగా పనిచేస్తున్నట్టు కనబడాలని దానికి ఉంటుంది. పైగా కెమెరా ముందు ఎవరైనా కాస్త సర్దుకుని కూర్చుంటారు, పెళ్లిళ్లలో చూడమా!

ఆఖరుగా, కాల్ నంబర్ (లైబ్రరీ ఒక్కో ఫొటోకు ఇచ్చే గుర్తు సంఖ్య) ప్రకారం పక్కనున్న ఫొటోలు తెరవండి. ఇదే సేకరణలో 1930ల నాటి ఫొటోలు చూస్తే కొన్నిటి మీద నల్లటి గుండ్రటి మచ్చ కనబడుతుంది. ఎఫ్‌ఎస్‌ఏ ఫొటోల విభాగం పెద్ద రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగటివ్‌లకు పంచ్‌తో చిల్లు పెట్టించేవాడు. అలాంటిది దొరికితే దాటేయకండి. దాన్నీ, చిల్లు తప్పించుకున్న పక్క ఫ్రేమునూ ఎదురెదురుగా పెట్టి తేడా వెతకండి.