పొట్టి గోళ్లకు బాదం ఆకారం: సమస్యలు, పరిష్కారాలు

పక్కలు సన్నబడుతూ వచ్చి కొన గుండ్రంగా ముగిసే బాదం ఆకారం పొడుగు గోళ్లకే నప్పుతుందనుకుని చాలామంది ఆశ వదులుకుంటారు. నిజానికి గోరు వేలి కొస దాటి రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగితే చాలు, ఆకారం వచ్చేస్తుంది. అన్నం కలుపుకోవడానికి, టైపు చేయడానికి, చంటిపిల్లలను ఎత్తుకోవడానికి అడ్డు రాదు. వేళ్లు కూడా కాస్త సన్నగా కనిపిస్తాయి. కాకపోతే పొట్టి గోటి మీద చోటు తక్కువ కాబట్టి ఏ చిన్న తేడా వచ్చినా ఇట్టే తెలిసిపోతుంది. అలా తేడా రాగానే అందరూ ముందు పాలిష్‌నే అనుమానించి కొత్త సీసా కొంటారు. తప్పు మాత్రం చాలావరకు రంగు వేయకముందే జరిగిపోయి ఉంటుంది. గోరు అరగదీసే ఫైల్ పట్టిన తీరులోనో, గోటిలో మిగిలిన తడిలోనో చూడండి, దొరుకుతుంది.

గోరు కొన త్రిభుజంలా తేలింది, లేదా పక్క నుంచి చిట్లుతోంది

పక్కలను మరీ లోపలికి అరగదీస్తే ఈ రెండూ వస్తాయి. గోరు చర్మాన్ని వదిలి బయటికి వచ్చే చోటు అటూ ఇటూ ఉంటుంది చూడండి, గోటి బలమంతా అక్కడే. ఆకారం తొందరగా రావాలని ఆ మూలల్లోకి ఫైల్ దూర్చితే గోటికి ఆధారం పోతుంది. ఆ తర్వాత డబ్బా మూత తెరిచినా, జిప్పు లాగినా చిట్లడం అక్కడి నుంచే మొదలవుతుంది.

సరైన పద్ధతి ఇది. గోరు పొడిగా ఉండగానే, అంటే చేతులు నీళ్లలో పెట్టకముందే మొదలుపెట్టండి. కొన అంచు మీద సరిగ్గా మధ్యలో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి. మూలలను ముట్టుకోకుండా, వాటికి కాస్త పైనుంచి ఆ చుక్క వైపు ఏటవాలుగా ఫైల్ లాగండి. ఒకే దిశలో లాగాలి. ముందుకూ వెనక్కూ ఆడిస్తే అంచు పొరలు విడిపోతాయి. ఎడమ పక్క ఎన్నిసార్లు లాగితే కుడి పక్కా అన్నిసార్లే. రెండు వాలులూ చుక్క దగ్గర కలిశాక ఒక మొన తేలుతుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అందుకే త్రిభుజం మిగిలిపోతుంది. ఫైల్‌ను గోటి కిందినుంచి కొద్దిగా వాల్చి పట్టుకుని, ఆ మొనను మెత్తగా నాలుగైదుసార్లు రుద్ది గుండ్రం చేయాలి. అయ్యాక అరచేతిని మీ వైపు తిప్పుకుని చూడండి. పైనుంచి చూసినప్పుడు దాగిన వంకర అటునుంచి బయటపడుతుంది. బొటనవేలి గోరు వెడల్పు కాబట్టి దాన్ని మిగతావాటంత సన్నం చేయకండి.

ఫైల్ కొనేటప్పుడు దాని మీద నంబరు చూడండి. సొంత గోటికి 180 గానీ 240 గానీ ఉండాలి. 100 నంబరువి అతికించిన గోళ్లకూ అక్రిలిక్‌కూ పనికొస్తాయి. మామూలు గోటి అంచును అవి చీల్చేస్తాయి. గాజు ఫైల్ దొరికితే ఇంకా మంచిది, కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

మూలలు ఇప్పటికే అరిగిపోయి ఉంటే పెరగనివ్వడం తప్ప దారి లేదు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతవరకు కొనను మామూలు గుండ్రంగా ఉంచుకోండి. కొన వైపు విచ్చుకున్నట్టుండే చదును గోళ్లకైతే, పొట్టిగా ఉన్నంతకాలం అండాకారం దగ్గర ఆగిపోవడమే మేలని నా అభిప్రాయం. వాటిని బలవంతంగా బాదం చేస్తే నిలవవు.

ఆకారం కుదిరింది, అయినా వేళ్లు పొట్టిగానే కనిపిస్తున్నాయి

గోటిని అడ్డంగా కోసే గీత ఏదైనా దాన్ని ఇంకా పొట్టి చేస్తుంది. అందులో మొదటిది లావుపాటి తెల్ల ఫ్రెంచ్ కొన. 1970లలో హాలీవుడ్ సినిమా వాళ్ల కోసం ఓర్లీ అనే నెయిల్ పాలిష్ కంపెనీ స్థాపకుడు జెఫ్ పింక్ ప్రచారంలోకి తెచ్చిన ఈ అలంకరణకు పొడుగు గోళ్ల మీద తిరుగులేదు. పొట్టి గోటి మీద మాత్రం మూడో వంతు తెలుపు ఆక్రమిస్తే మిగిలేది చిన్న గులాబీ ముక్క.

ఫ్రెంచ్ కావాలనుకుంటే గీత ఒక మిల్లీమీటరుకు మించనివ్వకండి. తెల్లటి తెలుపు కాకుండా పాల రంగు తీసుకోండి. గీతను అడ్డంగా కాకుండా కొన వంపుతోపాటు పక్కల మీదికి కాస్త దిగనివ్వండి. సన్నటి బ్రష్ లేకపోతే పాలిష్ బ్రష్‌ను కదపకుండా పట్టుకుని, గోటి అంచునే దానికి ఆనించి తిప్పండి. గీత దానంతటదే సన్నగా వస్తుంది. తెలుపు స్థానంలో రాగి, ముదురు ఆకుపచ్చ, నేరేడు రంగు వేసినా చాలా అందంగా ఉంటుంది.

నిలువుగా సాగే డిజైన్లు పొట్టి బాదం గోటికి ప్రాణం. వాటిలో నాకు బాగా నచ్చేది క్యాట్ ఐ. ఈ పాలిష్‌లో సన్నటి లోహపు రజను ఉంటుంది. రంగు తడిగా ఉండగానే అయస్కాంతాన్ని గోటికి తగలకుండా దగ్గరగా, నిలువుగా పట్టుకుంటే మధ్యలో ఒక వెలుగు గీత తేలుతుంది. కళ్లు ఆ గీత వెంటే పైకీ కిందికీ పోతాయి కాబట్టి గోరు పొడుగ్గా అనిపిస్తుంది. గీత మసకగా వచ్చిందంటే రంగు ఆరిపోయాక అయస్కాంతం పట్టారన్నమాట. ఒక్కో గోటికి రంగు వేయగానే అయస్కాంతం పట్టి, ఆ తర్వాతే ఇంకో గోటికి వెళ్లండి.

ఇంకో చిన్న చిట్కా. ఏ రంగు వేసినా రెండు పక్కలా వెంట్రుకవాసి ఖాళీ వదలండి. అప్పుడు గోరు సన్నగా కనిపిస్తుంది, రంగు చర్మం మీదికి పాకదు. రాళ్లు, స్టిక్కర్లు పది వేళ్లకూ వద్దు. గోరు మొదట్లో ఒక్క బంగారు చుక్క చాలు.

న్యూడ్ రంగు వేస్తే సున్నం కొట్టినట్టు ఉంది

న్యూడ్ అంటే చర్మం ఛాయకు దగ్గరగా ఉండే రంగు. సీసాలో ముద్దుగా ఉన్న లేత గులాబీ మన చామనఛాయ చేతుల మీద తెల్లబోతుంది. అందులో తెలుపు పాలు ఎక్కువ, కింద ఉండే వెచ్చటి ఛాయ తక్కువ. మీ చర్మం కన్నా ఒక మెట్టు ముదురు రంగు ఎంచుకోండి. కారమెల్, టీ రంగు, ఇటుక కలిసిన గులాబీ, లేత చాక్లెట్ అన్నీ నప్పుతాయి. షాపులో సీసాను వేలి పైభాగానికి ఆనించి, వీలైతే గుమ్మం దగ్గరికి వచ్చి పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద చూసి నమ్మవద్దు.

రెండో రోజుకే కొనల దగ్గర పెచ్చులు ఊడుతున్నాయి

దీనికి కారణం దాదాపు ఎప్పుడూ నీళ్లే. గోరు నీళ్లు పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ ముడుచుకుంటుంది. ఉబ్బి ఉన్నప్పుడు వేసిన రంగు అది ముడుచుకోగానే పట్టు వదిలేస్తుంది. గిన్నెలు తోమగానే, తలస్నానం చేయగానే రంగు వేసుకుంటే జరిగేది ఇదే. పార్లర్‌లో గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెట్టి వెంటనే పాలిష్ వేసినా అంతే. నానబెట్టకుండా చేయమని అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఇంట్లోనైతే కనీసం గంటసేపు ఆరనివ్వండి.

రంగుకు ముందు రిమూవర్ అద్దిన దూదితో గోటిని ఒకసారి తుడిస్తే జిడ్డు పోతుంది. తర్వాత బేస్ కోట్, రెండు పలచటి పూతలు, టాప్ కోట్. ప్రతి పూత చివరా బ్రష్‌ను గోటి కొన అంచు మీదుగా ఒకసారి లాగండి. బాదం కొన అన్నింటికీ తగిలే చోటు కాబట్టి ఈ ఒక్క అలవాటు రంగును చాలా కాపాడుతుంది. ఆపైన గిన్నెలకు, బట్టలకు గ్లవ్స్ వేసుకోండి.

బుడగలు

సీసాను గట్టిగా ఊపడం, మందంగా వేయడం, ఫ్యాను కింద కూర్చోవడం. ఈ మూడూ మానేస్తే తగ్గుతాయి. సీసాను అరచేతుల మధ్య దొర్లించండి.

జెల్ పాలిష్ అంచు లేస్తోంది, చుట్టూ దురదగా ఉంది

జెల్ అంటే యూవీ దీపం కింద పెట్టి గట్టిపరిచే పాలిష్. దాని అంచు లేవడం వేరు, దురద వేరు. గోరు మొదట్లో అంటుకుని ఉండే పలచటి పొర మీదికో, చర్మం మీదికో జెల్ పాకితే అంచు లేస్తుంది. ఆ పొరను మెత్తగా వెనక్కి నెట్టి శుభ్రం చేసుకుని వేస్తే సరిపోతుంది. చుట్టూ ఉన్న చర్మాన్ని మాత్రం కత్తిరించనివ్వకండి, గోరుచుట్టు వచ్చేది అక్కడి నుంచే. లేచిన జెల్‌ను గోటితో పీకితే దాంతోపాటు గోటి పైపొర కూడా వచ్చేస్తుంది.

దురద, ఎరుపు, చిన్న పొక్కులు ఉంటే అది అలర్జీ కావచ్చు. సరిగా గట్టిపడని జెల్ పదే పదే చర్మానికి తగలడం వల్ల ఇది వస్తుంది. వెంటనే తీయించేసి చర్మ డాక్టరును కలవండి. బ్రాండ్ మార్చి ప్రయత్నించడం ప్రమాదం, ఒకసారి పడకపోతే అదే రకం రసాయనం ఉన్న ఏదీ పడదు. జెల్‌ను గట్టిపరచడానికి వాడే టీపీఓ అనే రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. కాబట్టి పార్లర్‌లో సీసా మీది లేబుల్ చూపించమని అడగండి. లేచిన జెల్ కింద గోరు పచ్చబడితే అది తడిలో పెరిగిన బ్యాక్టీరియా. దాని మీద ఇంకో రంగు వేసి కప్పవద్దు.

పసుపు మరక, గోరింటాకు ఎరుపు

పప్పన్నం, పులుసు చేత్తో కలుపుకునేవాళ్లకు కుడిచేతి లేత రంగులు పసుపెక్కడం మామూలే. ఆవకాయ కలిపే రోజుల్లో మరీనూ. పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే సబ్బుతో ఎంత తోమినా కదలదు. ముందు కొబ్బరినూనె అద్దిన దూదితో రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగండి. మిగిలిన లేత మరక ఎండ తగిలేకొద్దీ తగ్గుతుంది. పాలిష్ మీద పడితే రెండు రోజులకోసారి టాప్ కోట్ కొత్తగా వేసుకుంటే మెరుపు కూడా నిలుస్తుంది.

గోరింటాకు సంగతి వేరు. దాని రంగు గోటిలోని కెరాటిన్‌తో కలిసిపోతుంది, రిమూవర్‌తో పోదు. నిమ్మకాయ, టూత్‌పేస్టు పెట్టి గీకితే గోరే పాడవుతుంది. ఆషాఢంలో పెట్టుకున్నాక లేత న్యూడ్ వేస్తే కింది ఎరుపు తొంగిచూసి మురికిగా కనిపిస్తుంది. అసలు ఆ ఎరుపునే పునాదిగా తీసుకోండి, అంతకన్నా అందమైన బేస్ రంగు ఏ సీసాలోనూ రాదు. కొనన సన్నటి బంగారు గీత వేసి పైన పారదర్శకమైన టాప్ కోట్ వేస్తే పట్టుచీరకు సరిగ్గా సరిపోతుంది. నెల తిరిగేసరికి గోరు మొదట్లో తెల్లటి సందు కనిపిస్తుంది. అక్కడ అర్ధచంద్రాకారంలో బంగారు రంగో, మెరూనో నింపండి. గోరు పెరిగేకొద్దీ ఆ చంద్రవంకను కాస్త కాస్త పెంచుకుంటూ పోవచ్చు.