ప్రీమియర్ ప్రోలో ప్రివ్యూ ఆగి ఆగి వస్తోందా? డిస్క్ నిండిపోతోందా?

అడోబీ వారి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట: "సిస్టమ్ బాగా స్లో అయిపోయింది, ర్యామ్ పెంచాలి." డబ్బు పెట్టేముందు, క్లిప్పులు వరుసగా పేర్చే టైమ్‌లైన్ పైభాగంలో ఉండే సన్నటి రంగు గీతను ఒకసారి చూడండి. ఎర్రగా ఉంటే, ఆ భాగం రెండర్ చేయకుండా (అంటే ఎఫెక్టులన్నీ కలిపి ముందే ఒక ప్రివ్యూ ఫైల్‌గా తయారు చేసుకోకుండా) పూర్తి వేగంతో ప్లే కాకపోవచ్చు. పసుపైతే రెండర్ లేకుండానే ప్లే అవ్వాలి. ఆకుపచ్చ అంటే ఆ భాగానికి ప్రివ్యూ ఫైల్ తయారై ఉన్నట్టు.

ఎర్ర గీత ఉంది, వీడియో ఆగి ఆగి వస్తోంది

ఎఫెక్టులు, కలర్ కరెక్షన్, ఒకదాని మీద ఒకటి పెట్టిన లేయర్లు భారమయ్యాయి. ముందు ప్రోగ్రామ్ మానిటర్ కింద ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ని 1/2కో 1/4కో తగ్గించండి. చూడటానికి కాస్త మసకగా ఉంటుంది గానీ ఎక్స్‌పోర్ట్ క్వాలిటీకి ఏమీ కాదు. అయినా ఆగుతుంటే ఆ భాగం మొదట్లో కీబోర్డ్ మీద ఐ (I), చివర్లో ఓ (O) నొక్కి గుర్తు పెట్టి, ఎంటర్ కొట్టి రెండర్ చేయండి.

నిన్నటిదాకా పసుపుగా ఉన్న టైమ్‌లైన్ ఇవాళ మొత్తం ఎర్రబడిందంటే తప్పు ఎఫెక్టులది కాకపోవచ్చు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో జనరల్‌కి వెళ్లి రెండరర్ (వీడియో పని గ్రాఫిక్స్ కార్డ్‌తో చేయాలా, ప్రాసెసర్‌తోనా అని చెప్పే సెట్టింగ్) చూడండి. వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడో, గ్రాఫిక్స్ డ్రైవర్ తేడా వచ్చినప్పుడో అది సాఫ్ట్‌వేర్ ఓన్లీకి, అంటే గ్రాఫిక్స్ కార్డ్ సాయం లేకుండా ప్రాసెసర్ మీదే నడిచేలా, మారిపోవచ్చు. తిరిగి జీపీయూ యాక్సిలరేషన్ ఎంచుకోండి. అక్కడ ఆ ఆప్షనే లేకపోతే ముందు డ్రైవర్ సరిచేయాలి.

పసుపు గీతే ఉంది, అయినా ఆగుతోంది. ఎంటర్ కొట్టినా లాభం లేదు

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. ఎంటర్ రెండర్ చేసేది ఎర్ర భాగాలను మాత్రమే, పసుపు జోలికి పోదు. పైగా ఆ గీత సాఫ్ట్‌వేర్ వేసే అంచనా మాత్రమే; మీ ఫుటేజ్‌ని విప్పి చూపించడం మీ ప్రాసెసర్‌కి ఎంత కష్టమో అది చెప్పదు. ఇప్పటి కెమెరాలు ఇచ్చే 10 బిట్ హెచ్.265 ఫైళ్లు (బాగా కుదించిన వీడియో రకం) సైజులో చిన్నవే. కానీ వాటిలో చాలా ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు. పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అంతే ఉంటుంది. ఒక్క ఫ్రేమ్ చూపించాలన్నా చుట్టుపక్కలవి కొన్ని విప్పాలి. తలంబ్రాల సీన్‌లో టైమ్‌లైన్‌ని వెనక్కీ ముందుకీ లాగుతుంటే బొమ్మ బిగుసుకుపోయేది అందుకే.

నిర్ధారించుకోవడానికి ప్రోగ్రామ్ మానిటర్ రెంచ్ గుర్తులో షో డ్రాప్డ్ ఫ్రేమ్ ఇండికేటర్ ఆన్ చేయండి. చిన్న ఆకుపచ్చ చుక్క వస్తుంది. ఫ్రేములు జారితే పసుపుగా మారుతుంది, దాని మీద మౌస్ పెడితే ఎన్ని జారాయో చెబుతుంది. ఎఫెక్టులేవీ లేని క్లిప్‌కే చుక్క మారిందంటే దోషం ఎఫెక్టులది కాదు; ఫైల్ రకానిదో, నెమ్మదైన డిస్క్‌దో.

కాసేపటి పనైతే ఐ, ఓ గుర్తులు పెట్టి సీక్వెన్స్ మెనూలో రెండర్ ఇన్ టు అవుట్ ఎంచుకోండి. అది పసుపునూ రెండర్ చేస్తుంది. గంటలకొద్దీ ఫుటేజ్ ఉంటే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికైన నకలు ఫైళ్లు) చేసుకోవడమే నయం. క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో క్రియేట్ ప్రాక్సీస్ ఇచ్చి, రాత్రంతా కంప్యూటర్‌ని వదిలేయండి. మీరు ప్రాక్సీలతో ఎడిట్ చేసినా, ఎక్స్‌పోర్ట్‌లో యూజ్ ప్రాక్సీస్ టిక్ పెట్టనంతవరకూ ఫైనల్ ఫైల్ ఒరిజినల్స్ నుంచే తయారవుతుంది.

రెండర్ చేసిన ఆకుపచ్చ గీత పోయింది

ఆ భాగంలో ఏదో మార్చారు. పైన పేర్ల టైటిల్ ఒక్కటి పెట్టినా అంతమేరా పాత ప్రివ్యూ పనికిరాదు. కటింగ్ పూర్తయ్యాకే రెండర్ చేస్తే టైమ్ కలిసొస్తుంది.

ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియో నలిగినట్టు, మసకగా ఉంది

ఎక్స్‌పోర్ట్‌లో యూజ్ ప్రివ్యూస్ టిక్ ఉందేమో చూడండి. ప్రివ్యూ ఫార్మాట్ ఐ ఫ్రేమ్ ఓన్లీ ఎంపెగ్ అయితే ఆ తక్కువ క్వాలిటీయే ఫైనల్‌లోకి వస్తుంది. టిక్ తీసేయండి. ప్రివ్యూలతోనే త్వరగా ఎక్స్‌పోర్ట్ చేయాలంటే సీక్వెన్స్ సెట్టింగ్స్‌లో ఎడిటింగ్ మోడ్‌ని కస్టమ్ చేసి, ప్రివ్యూ ఫార్మాట్‌ని ఎక్కువ క్వాలిటీ ఉండే ప్రోరెస్‌కి మార్చండి. మారిస్తే ఆ సీక్వెన్స్ పాత ప్రివ్యూలన్నీ పోతాయి కాబట్టి పని మొదట్లోనే ఆ సంగతి తేల్చుకోండి.

డిస్క్ ఫుల్, ఏం తీసేయాలో భయం

భయం సహజమే. మళ్లీ జరగని పెళ్లి ఆ డిస్క్‌లో ఉంది. అందుకే ఏ ఫోల్డర్ ఏమిటో కచ్చితంగా తెలిసి ఉండాలి.

అడోబీ ప్రీమియర్ ప్రో వీడియో ప్రివ్యూస్ అనే ఫోల్డర్ మామూలుగా ప్రాజెక్ట్ ఫైల్ పక్కనే ఉంటుంది. లోపల ప్రాజెక్ట్ పేరుతో, చివర పీఆర్‌వీ అని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. ఇందులో ఉన్నదంతా తిరిగి తయారు చేసుకోగలిగిందే. ప్రోరెస్ 422లో, 1080 సైజు, 25 ఫ్రేములకు గంట ప్రివ్యూ దాదాపు 55 జీబీ తింటుంది. సీక్వెన్స్ మెనూలోని డిలీట్ రెండర్ ఫైల్స్‌తో తీసేయడం మంచి పద్ధతి. ఫోల్డర్‌నే చేత్తో తీసేస్తే, తర్వాత ప్రాజెక్ట్ తెరిచినప్పుడు ఫలానా ఫైల్ ఎక్కడుందని అడగొచ్చు. వెతకనక్కర్లేదు, లేకుండానే తెరిచి మళ్లీ రెండర్ చేసుకోండి.

మీడియా క్యాష్ వేరు. ఫుటేజ్‌ని త్వరగా చూపించడానికి సాఫ్ట్‌వేర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు అవి. అది ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ కింద ఉంటుంది, ఎక్కువగా సీ డ్రైవ్‌ని నింపేది అదే. తీసేసినా నష్టం లేదు. తర్వాత తెరిచినప్పుడు ఆడియో తరంగాలు మళ్లీ తయారయ్యేదాకా కొంచెం ఆగాలి, అంతే. అక్కడే దాన్ని వేరే వేగమైన ఎస్‌ఎస్‌డీకి మార్చుకోవచ్చు. ప్రివ్యూల చోటు మార్చడానికి ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో స్క్రాచ్ డిస్క్స్ ఉంది.

ముట్టుకోకూడనివి మూడు: కెమెరా ఒరిజినల్స్, పీఆర్‌ప్రోజ్ ఫైల్ (మీ ఎడిటింగ్ పనంతా ఉండే ప్రాజెక్ట్ ఫైల్), ఆటో సేవ్ ఫోల్డర్. ఈ మూడింటినీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీలో రెండు మూడు క్లిప్పులు తెరిచి చూసుకున్నాకే ప్రివ్యూలు, క్యాష్ డిలీట్ చేయడం మీద చెయ్యి పెట్టండి.