పెసరట్టు పేజీకి స్కీమా పెట్టడం ఎలా?

గూగుల్‌లో పెసరట్టు తయారీ అని కొట్టి చూడండి. కొన్ని ఫలితాలకు అట్టు ఫొటో, నక్షత్రాలు, ఎంతసేపు పడుతుందో కూడా కనిపిస్తాయి. మిగతావాటికి శీర్షిక, కింద రెండు ముక్కలు, అంతే. ఆ హంగు ఉన్న పేజీల్లో చాలావాటి లోపల ఒక చీటీ ఉంటుంది. చదివేవాళ్లకు కనబడదు, గూగుల్‌కు కనబడుతుంది. పేజీలో 6 అని ఉంటే అది ఆరు అట్లా, ఆరు గంటలు నానబెట్టడమా, ఆరు పచ్చిమిరపకాయలా అన్నది మనకు చదవగానే తెలుస్తుంది. మెషీన్‌కు ఎవరో విడమరిచి చెప్పాలి. ఆ చెప్పే పద్ధతినే స్ట్రక్చర్డ్ డేటా అంటారు, వాడుకలో స్కీమా.

ఈ చీటీలో ఏ మాట వాడాలో అందరూ ఒప్పుకున్న పదజాలం ఒకటుంది. 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ కలిసి స్కీమా డాట్ ఆర్గ్ పేరుతో దాన్ని మొదలుపెట్టాయి. అదే ఏడాది రష్యా సెర్చ్ ఇంజిన్ యాండెక్స్ కూడా చేరింది. రాసే తీరులు మూడున్నాయి: మైక్రోడేటా, ఆర్‌డీఎఫ్‌ఏ, జేసన్-ఎల్‌డీ. మొదటి రెండూ పేజీ కోడ్‌లో అక్కడక్కడా కలిసిపోతాయి, తర్వాత దిద్దాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. జేసన్-ఎల్‌డీ ఒకేచోట ముద్దగా ఉంటుంది. గూగుల్ సిఫార్సు చేసేదీ అదే. మనం అదే రాద్దాం.

మొదటి పని: ఒక్క పేజీ ఎంచుకోండి

సైటంతటికీ ఒకేసారి పెట్టాలని కూర్చోకండి. ఎక్కువమంది చూసే పేజీ ఒకటి తీసుకుని, అది దేని గురించో తేల్చుకోండి. దాన్నిబట్టే చీటీ రకం: వంట అయితే రెసిపీ, అమ్మే పచ్చడి సీసా అయితే ప్రొడక్ట్, వార్త అయితే ఆర్టికల్, కర్రీ పాయింట్ అయితే లోకల్ బిజినెస్.

ఇక్కడ పాత వీడియోలను నమ్మి మోసపోవద్దు. ప్రశ్నలూ జవాబులూ స్కీమా పెడితే ఫలితం కింద బారెడు జాబితా వస్తుందని ఇంకా చెబుతున్నారు. 2023 ఆగస్టులోనే గూగుల్ దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది. ‘ఎలా చేయాలి’ రకం ఫలితాలనైతే అదే ఏడాది మొత్తంగా తీసేసింది. అంటే మీరిప్పుడు చదువుతున్న ఈ వ్యాసానికి కూడా ఆ భాగ్యం లేదు!

రెండో పని: ఇప్పటికే ఏముందో చూడండి

చీటీ సరిగ్గా ఉందో లేదో చెప్పే గూగుల్ వారి టూల్, రిచ్ రిజల్ట్స్ టెస్ట్ తెరిచి, పేజీ లింకు ఇవ్వండి. మీ సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంటే దాని థీమో (సైటు రూపం), ప్లగినో (అదనపు పనులకు తగిలించే చిన్న ప్రోగ్రాం) మీకు తెలియకుండానే ఒక చీటీ పెట్టి ఉండొచ్చు. మా పిన్ని వంటల సైటులో అదే జరిగింది. థీమ్ ఒకటి పెట్టింది, ప్లగిన్ ఇంకొకటి పెట్టింది. ఒకదాంట్లో నలుగురికి, రెండోదాంట్లో ఇద్దరికి సరిపడా అట్లు. ఒకటి ఆపేశాకే మిగతా పని మొదలుపెట్టాం.

మూడో పని: చీటీ రాయడం

అసలు పని ఇదే. కోడ్‌లో కీలు, అంటే ఎడమవైపు పేర్లు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. పెద్దబడి, చిన్నబడి తేడా కూడా పట్టించుకుంటారు. రెసిపీ ఇన్‌గ్రీడియెంట్ అనే కీలో మొదటి ఆర్ చిన్నది, మధ్యలో ఐ పెద్దది, మధ్యలో ఖాళీ ఉండదు. కుడివైపు వివరాలు మాత్రం హాయిగా తెలుగులో రాయొచ్చు. ‘పెసలు 1 కప్పు’, ‘బియ్యం 2 చెంచాలు’, ‘అల్లం చిన్న ముక్క’ అని ఒక్కో దినుసును విడిగా డబుల్ కోట్స్‌లో పెట్టి, మధ్య కామా, అన్నిటినీ కలిపి చదరపు బ్రాకెట్లలో. చివరి దినుసు తర్వాత కామా పెట్టారో, చీటీ మొత్తం చెల్లదు.

పేరు, ఫొటో తప్పనిసరి. మిగతావి ఇస్తే మంచిది: ఎంతమందికి, దినుసులు, తయారీ అంచెలు, సమయం.

సమయం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 30 నిమిషాలు అని రాస్తే గూగుల్‌కు అర్థం కాదు. పీ, టీ, 30, ఎం అని ఖాళీ లేకుండా పెద్దబడి ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. ఆరుంపావు గంటలు అయితే పీ, టీ, 6, హెచ్, 15, ఎం. పెసలు నానే ఆరు గంటలను కలపాలా వద్దా? కలపాలనే నేనంటాను. అరగంటలో రెడీ అని చూసి పొద్దున్నే టిఫినుకు పేజీ తెరిచిన మనిషి, ‘రాత్రి నానబెట్టుకోండి’ అన్న మొదటి వాక్యం చదివితే మళ్లీ మీ గడప తొక్కడు.

తేదీ మన అలవాటు ప్రకారం రోజు ముందు వేయకండి. ఏడాది, నెల, రోజు వరస: 2025-01-14. పచ్చడి అమ్మే పేజీ అయితే ధరలో రూపాయి గుర్తు, కామా రెండూ వద్దు. 1,250 కాదు, 1250. కరెన్సీకి వేరే కీ ఉంది, అందులో ఐ, ఎన్, ఆర్ అని మూడక్షరాలు.

ఇంకో తలనొప్పి కోట్స్. వర్డ్‌లోనో వాట్సాప్‌లోనో కోడ్ దాచుకుంటే నిటారు కోట్స్ కాస్తా వంకర కోట్స్ అయిపోవచ్చు. చూడ్డానికి తేడా తెలియదు, టెస్ట్ మాత్రం తప్పంటుంది. నోట్‌ప్యాడ్‌లో రాసుకోండి.

నక్షత్రాల సంగతి. ఎవరూ ఇవ్వని రేటింగు 4.9 అని రాసుకోవాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. పేజీలో మనుషులకు కనబడనిది చీటీలో ఉండకూడదన్నది గూగుల్ నియమం. దొరికితే మాన్యువల్ యాక్షన్, అంటే గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష, వస్తుంది, ఉన్న హంగు కూడా పోతుంది. హోటల్‌వాళ్లు తమ సైటులో తమ గురించి తామే పెట్టుకున్న రివ్యూలకైతే 2019 నుంచే నక్షత్రాలు చూపించడం లేదు.

నాలుగో పని: పరీక్షించి, అతికించండి

రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో లింకు బదులు కోడ్ అతికించే వీలు కూడా ఉంది. ఎరుపు తప్పులు దిద్దాల్సిందే. పసుపు హెచ్చరికలు దిద్దకపోయినా పరవాలేదు. వీడియో లేదంటుంది, నిజంగానే లేదు, వదిలేయండి.

తర్వాత వర్డ్‌ప్రెస్‌లో కస్టమ్ హెచ్‌టీఎంఎల్ బ్లాక్‌లో, బ్లాగర్‌లో అయితే హెచ్‌టీఎంఎల్ వ్యూలో అతికించండి. సేవ్ చేశాక ఈసారి లింకుతో మళ్లీ టెస్ట్ చేయండి. కొన్నిచోట్ల చీటీని చుట్టి ఉండే స్క్రిప్ట్ ట్యాగును ఎడిటరే తీసేస్తుంది, అప్పుడు ప్లగిన్ తప్పదు.

ఐదో పని: ఆగండి

సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పేజీ లింకు ఇచ్చి ఇండెక్సింగ్‌కు, అంటే పేజీని మళ్లీ చదివి నమోదు చేసుకోమని, రిక్వెస్ట్ పెట్టండి. రోజులు పట్టొచ్చు, వారాలు పట్టొచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నా చూపించి తీరతామని గూగుల్ హామీ ఇవ్వదు. ర్యాంకు పైకి ఎగబాకుతుందనీ అనుకోకండి. ఉన్నచోటే నలుగురి కంట పడటం, నొక్కేవాళ్లు పెరగడం, దక్కేది అదీ. తేడా తెలియాలంటే సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో పెట్టకముందు నెల, పెట్టాక నెల ఆ పేజీకి వచ్చిన క్లిక్కులు పోల్చుకోండి.

మా పిన్ని ఈమధ్య పేజీలో బియ్యం రెండు చెంచాల నుంచి మూడు చేసింది, కరకరలాడాలని. చీటీలో ఇంకా రెండే ఉంది. ఈ ఆదివారం కూర్చుని దిద్దాలి.