పండగ సరుకు ఎత్తే ముందు: తిరుపతి గేమ్ షాపుల వాళ్లు అమ్మకాల అంచనాలో చూసుకోవాల్సినవి

షాపు నిండా జనం ఉంటారు, రోజూ గల్లా నిండుతుంది, జనవరి వచ్చేసరికి డిస్ట్రిబ్యూటర్‌కి కట్టడానికి మాత్రం డబ్బుండదు. ఈ స్థితికి బీజం ఆగస్టులో వేసిన అంచనాలోనే పడుతుంది. దసరా నుంచి సంక్రాంతి దాకా ఎంత అమ్ముతామో ఒక్క అంకెగా రాసేసుకుని, ఆ అంకె చూసుకుని చెన్నై వెళ్లి సరుకు ఎత్తేస్తారు. ఆ ఒక్క అంకెలో లాభం తెచ్చే సరుకు, తేని సరుకు కలిసిపోయి ఉంటాయి.

అందుకే ముందుగా గల్లాను విడగొట్టండి. కన్సోళ్లు, కొత్త గేమ్ సీడీలు, సెకండ్ హ్యాండ్ సీడీలు, యాక్సెసరీలు: కనీసం ఈ నాలుగూ వేరువేరుగా ఉండాలి. రిపేర్లు, గంటల లెక్కన ఆడించడం ఉంటే వాటికి ఇంకో పేజీ పెట్టండి. గిఫ్ట్ కార్డుల్లో మనకు దక్కేది కమీషనే కాబట్టి కమీషన్ మాత్రమే రాయాలి, కార్డు ముఖ విలువ రాయకూడదు.

రెండో పని పన్ను తీసేయడం. గేమ్ కన్సోళ్ల మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు 59,000 అయితే అందులో 9,000 ప్రభుత్వానిది, మన అమ్మకం 50,000. బిల్లు మొత్తాన్ని 118తో భాగించి 100తో గుణిస్తే అసలు అంకె వస్తుంది. నెల చివర రిటర్న్ కట్టేటప్పుడు గల్లా తడుముకునే షాపుల్లో చాలావాటికి పన్నుతో కలిపి అంచనా వేసుకునే అలవాటు ఉంటుంది.

తలుపు దగ్గర లెక్క

వచ్చినవాళ్లు ఎంతమంది, కొన్నవాళ్లు ఎంతమంది, సగటు బిల్లు ఎంత: అంచనా అంతా ఈ మూడింటి మీదే నిలబడాలి. రెండు వారాలు కౌంటర్ మీద నోటుబుక్ పెట్టి, లోపలికొచ్చిన ప్రతి గుంపుకి ఒక గీత గీయండి. నలుగురు స్నేహితులు కలిసొస్తే ఒకటే గీత, కొనేది ఒక్కడే కదా. మామూలు రోజులు ఒక పక్క, శని ఆదివారాలు ఇంకో పక్క రాయాలి. ధర అడిగి వెళ్లిపోయినవాళ్లను వదిలేయొద్దు. వాళ్లను తీసేస్తే కొనేవాళ్ల నిష్పత్తి లేనిపోని ఎత్తుకు పోతుంది.

ఒక ఊహా లెక్క చూద్దాం. మామూలు రోజుకి 22 గీతలు, శని ఆదివారాల్లో రోజుకి 45 అనుకుంటే వారానికి 200. అయిదుగురిలో ఒకరు కొంటే 40 బిల్లులు. అందులో 2 కన్సోళ్లు ఒక్కోటి 50,000 చొప్పున లక్ష, 6 కొత్త సీడీలు 4,000 చొప్పున 24,000, 14 సెకండ్ హ్యాండ్ సీడీలు 1,200 చొప్పున 16,800, 18 యాక్సెసరీలు 1,500 చొప్పున 27,000. మొత్తం 1,67,800, అంతా పన్ను తీసేసిన ధరలే.

ఇప్పుడు మార్జిన్ వేయండి. కన్సోల్‌ మీద 3 శాతం అనుకుంటే 3,000. కొత్త సీడీల మీద 10 శాతం, 2,400. సెకండ్ హ్యాండ్ మీద 30 శాతం, 5,040. యాక్సెసరీల మీద 20 శాతం, 5,400. కలిపితే 15,840. గల్లాలో పదికి ఆరు వంతులు కన్సోళ్లవి, లాభంలో మాత్రం అయిదో వంతు కూడా లేదు. మీ శాతాలు వేరుగా ఉంటాయి, కొనుగోలు బిల్లులు ముందేసుకుని మీవే వేసుకోండి. బొమ్మ మాత్రం పెద్దగా మారదు.

నాలుగు వారాలకు 63,360. అద్దె 22,000, కుర్రాడి జీతం 14,000, కరెంటూ ఇంటర్నెట్టూ 6,000, చిల్లర ఖర్చులు 4,000 పోతే చేతిలో 17,360. వడ్డీలూ, మన ఇంటి ఖర్చూ ఇందులోంచే. నెలకి ఆరున్నర లక్షలు దాటి అమ్మే షాపు సంగతి ఇది.

కన్సోల్ మార్జిన్ ఎంత పలచనో చూడాలంటే క్రెడిట్ కార్డు గీయించి చూడండి. 59,000 మీద మెషీన్ ఛార్జీ 2 శాతం అయితే 1,180. మనకు రావాల్సిన 1,500లో 320 మిగిలింది. దానికి తోడు ఒక ప్రొటెక్టర్ ఫ్రీగా ఇచ్చామంటే ఆ బేరం దండగ. కార్డు ఛార్జీ ఎవరు భరించాలన్నది పండగకు ముందే తేల్చుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ చేస్తే మనకు ఛార్జీ పడదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి చెల్లిస్తే పడుతుంది, కౌంటర్లో ఉన్న కుర్రాడికి ఈ తేడా తెలిసుండాలి.

కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు మామూలు జీఎస్టీకి బదులు అమ్మకం మీద తక్కువ శాతం కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. 1 శాతమే కదా అనిపిస్తుంది, కానీ అది మొత్తం అమ్మకం మీద. అదే కన్సోల్ మీద 590 కట్టాలి, కొన్నప్పుడు కట్టిన పన్నేమో తిరిగి రాదు. పన్నుతో కలిపి 57,230కి కొని 59,000కి అమ్మితే తేడా 1,770, అందులో 590 పోతే 1,180. మామూలు రిజిస్ట్రేషన్ అయితే 1,500 దక్కేది. కన్సోళ్లు ఎక్కువ అమ్మే షాపుకి కాంపోజిషన్ కలిసిరావడం కష్టం. ఏప్రిల్‌కి ముందే ఆడిటర్‌తో కూర్చోండి.

పోయినేడు అక్టోబరుతో పోల్చొద్దు

దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉండటంతో మళ్లీ నవంబరు 8కి జరిగింది. నెలకు నెల పోలిస్తే ఒక ఏడు అక్టోబరు ఆకాశంలో, మరో ఏడు పాతాళంలో కనిపిస్తుంది. పంచాంగం ముందు పెట్టుకుని వారాలకు పేర్లు పెట్టండి: దసరా వారం, దీపావళికి ముందు వారం, దీపావళి వారం, సంక్రాంతి వారం. దీపావళి వారాన్ని దీపావళి వారంతోనే పోల్చాలి.

తిరుపతిలో ఇంకో బోల్తా ఉంది. బ్రహ్మోత్సవాలకు ఊరు కిటకిటలాడుతుంది, అమ్మకాలు కూడా అలాగే ఉంటాయని రాసేసుకుంటారు. కొండకి వచ్చే భక్తుడు ప్లేస్టేషన్ కొనుక్కుని పోడు. పైగా గరుడ సేవ రోజున బస్టాండు, అలిపిరి దారులు నిండిపోయి మన ఊరివాళ్లే బయటికి రారు. ఆ రోజు మామూలు రోజు కన్నా తక్కువే రాసుకోవడం మేలు. ఇంకోపక్క దేవస్థానం ఉద్యోగులకు బ్రహ్మోత్సవ బహుమానం చేతికొచ్చేదీ ఆ రోజుల్లోనే. పిల్లాడి కన్సోల్ కోరిక తీరితే ఆ తర్వాతి వారాల్లో తీరొచ్చు. ఉత్సవాల రోజుల్లో తక్కువా, ముగిశాక కొంచెం ఎక్కువా వేసుకోండి.

దసరా సెలవులకు యూనివర్సిటీ హాస్టళ్లు, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ పిల్లలు ఊళ్లకు పోతారు. సెకండ్ హ్యాండ్ సీడీలు కొనేవాళ్లలో వీళ్లే ఎక్కువైతే ఆ అమ్మకం కిందికి వస్తుంది, స్కూలు పిల్లల తల్లిదండ్రులతో కన్సోళ్ల అమ్మకం పైకి పోతుంది. అన్నిటినీ కలిపి "పండగ కదా, రెండింతలు" అనేయడం తప్పు. పోయినేడు అదే వారంలో ఒక్కో రకం ఎన్ని బిల్లులయ్యాయో, మామూలు వారంలో ఎన్నో తీసి, రకానికి ఒక రెట్టు వేసుకోవాలి. పాత లెక్క లేని కొత్త షాపు మామూలు వారానికి ఒకటిన్నర రెట్లు దాటి రాసుకోకపోవడం మంచిది.

ఇలా మూడు అంచనాలు వేయండి: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. సరుకు ఎత్తేది తక్కువ అంచనాకి. ఖర్చులు, అప్పు వాయిదాలు సరిచూసుకునేది కూడా దాని మీదే. చెన్నై 140 కిలోమీటర్లే. అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచి రెండోసారి తెప్పించుకోవడం అమ్ముడుపోని అయిదు కన్సోళ్లను జనవరి దాకా మోయడం కన్నా చవక. కాకపోతే దీపావళికి ముందు నాలుగైదు రోజులు పార్శిల్ సర్వీసులు కిక్కిరిసి ఉంటాయి, రెండో ఆర్డరు అంతకు వారం ముందే వెళ్లిపోవాలి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 మించితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం) ఉండాలి. ఒక్క కన్సోల్‌కే ఆ పరిమితి దాటుతుంది, కారు డిక్కీలో వేసుకొచ్చినా సరే.

ఏది ఎంత ఎత్తాలి

పండగ ముందు ఆన్‌లైన్ సేల్స్‌లో కన్సోల్ ధర ఒక్కసారిగా నాలుగైదు వేలు తగ్గితే, మన ర్యాకులో ఉన్న ప్రతి పెట్టె మీదా ఆ రోజే అంత నష్టం. అందుకని రెండు వారాల అమ్మకానికి మించి కన్సోళ్లు పెట్టుకోవద్దు. ధర తగ్గితే తేడా ఇస్తామని డిస్ట్రిబ్యూటర్ చెబితే ఆ మాట వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్లు విడిగా లెక్కపెట్టండి. ఆ కన్సోల్ కొన్నవాడు మన దగ్గర సీడీ కొనడు, అంటే లాభం తెచ్చే సగం బేరం పుట్టదు.

ఏటా వచ్చే ఆటలు పండ్ల లాంటివి. ఫిఫా పేరు మారి 2023 నుంచి ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీగా వస్తున్న ఫుట్‌బాల్ ఆట సెప్టెంబరులో దిగుతుంది, నవంబరు చివరి సేల్స్‌కి ధర పడిపోతుంది, మరుసటేడు కొత్తది వచ్చాక ఎవరూ ముట్టుకోరు. అడ్వాన్స్ కట్టినవాళ్లు ఎంతమందో అన్ని, మీద రెండో మూడో కాపీలు చాలు. "తెప్పించన్నా, తీసుకుంటా" అన్నవాళ్లను లెక్కలోకి తీసుకోవద్దు. కట్టిన అడ్వాన్సులను కూడా అమ్మకంలో కలపకుండా వేరే కవరులో పెట్టాలి, ఆట రాకపోతే తిరిగి ఇవ్వాల్సింది మనమే.

రాని ఆట మీద అంచనా అసలు వద్దు. జీటీఏ 6 మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ పైన నవంబరు 19కి జరిపారు. మొదటి తేదీని నమ్మి షాపు పెంచుకున్నవాడు అద్దె మాత్రం ప్రతినెలా కట్టాడు. అలాంటిదాన్ని "ఎక్కువ" అంచనాలో తప్ప ఇంకెక్కడా రాయొద్దు.

సెకండ్ హ్యాండ్ సరుకే షాపును నిలబెడుతుంది, జాగ్రత్త ఎక్కువ కావాల్సిందీ దాని దగ్గరే. సీడీని లైటు కింద ఏటవాలుగా తిప్పి చూడండి. పీఎస్4, పీఎస్5 సీడీలన్నీ బ్లూ-రే. వాటిలో డేటా పొర చదివే వైపు ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. పాత డీవీడీలా పాలిష్ పట్టి బాగుచేద్దామంటే కుదరదు, లోతు గీత ఉంటే కొనొద్దు. కన్సోల్ అయితే టార్చితో హెచ్‌డీఎంఐ పోర్టులో పిన్నులు వంగాయేమో చూసి, ఇంటర్నెట్‌కి కలిపి లాగిన్ అయ్యి చూడాలి. కంపెనీ నిషేధం పడిన కన్సోల్ లాగిన్ దగ్గరే ఆగిపోతుంది. కంట్రోలర్ స్టిక్కు వదిలేసినా తెరమీద కదలిక ఉంటే ఆ రిపేరు ఖర్చు ధరలోంచి తగ్గించండి. అమ్మేవాళ్ల ఆధార్ జిరాక్స్, సంతకం, సీరియల్ నంబరు ఒక రిజిస్టర్లో ఉండాలి. దొంగ సరుకు తేలితే పోలీసులు అడిగే మొదటి కాగితం అదే.

పన్ను విషయంలో పాత సరుకుకి ఒక వెసులుబాటు ఉంది. సీజీఎస్టీ నిబంధన 32(5) కింద, కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును మన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకపోతే, కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే పన్ను. 900కి కొని 1,400కి అమ్మితే 500 మీదే. దీనికి కొన్న ధర రుజువు కావాలి, పైన చెప్పిన రిజిస్టర్ ఇక్కడా పనికొస్తుంది.

అప్పు, వాన

సరుకు కోసం బయట రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెస్తే నెలకి 6,000. పైన వేసిన లెక్కలో నాలుగు కన్సోళ్ల లాభం అది, అదీ నగదుకి అమ్మితే. అప్పు తెచ్చిన డబ్బుతో కన్సోళ్లు కొనకండి. తెస్తే సెకండ్ హ్యాండ్‌కి, యాక్సెసరీలకి వాడండి, ఆరు వారాల్లో తిరిగి కట్టేంతే తేండి. చిట్టీ పాడాలనుకుంటే ఎంత కోత పోతుందో వడ్డీ కింద మార్చి చూసుకున్నాకే పాడండి.

ఇక ఈశాన్య రుతుపవనం. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లోకి నీళ్లొచ్చింది సరిగ్గా పండగ సరుకు షాపుల్లో ఉన్న కాలంలోనే. పల్లంలో షాపు ఉన్నవాళ్లు అక్టోబరు నాటికి కింది ర్యాకు ఖాళీ చేసి, పెట్టెలన్నీ నేల నుంచి రెండున్నర అడుగుల పైన పెట్టాలి. స్టెబిలైజర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు కూడా గోడకి ఎక్కించాలి. అంచనాలో నవంబరులో రెండు మూడు రోజులు షాపు మూసి ఉంటుందని ముందే తీసేయండి.

బీమా ఉంటే పాలసీ కాగితం తీసి సరుకు విలువ ఎంత రాశారో చూడండి. మామూలు రోజుల్లో 6 లక్షల సరుకని రాసి, పండగకి 12 లక్షలు నింపితే, చాలా పాలసీల్లో నష్టంలో సగమే చేతికొస్తుంది. 2 లక్షల సరుకు తడిస్తే లక్షే ఇస్తారు. సరుకు దిగే వారంలోనే ఏజెంటుకి ఫోన్ చేసి విలువ పెంచమని అడగండి, వరద కూడా కవర్ అవుతుందో లేదో అదే ఫోన్లో కనుక్కోండి. కొనుగోలు బిల్లుల ఫొటోలు షాపు కంప్యూటర్లో కాకుండా ఫోన్లో ఉంచుకోండి.