రాత్రి పదింటికీ పడమటి గోడ వేడిగానే ఉందా?

సమస్య: మే నెలలో బయట గాలి చల్లబడినా పడకగది గోడ వెచ్చగానే ఉంటుంది. ఏసీ వేసిన గంటకి కూడా గది దారికి రాదు.

ముందు రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడ, తూర్పు గోడ, స్టూలెక్కి స్లాబు అడుగు తాకి చూడండి. స్లాబే ఎక్కువ కాలుతుంటే గోడ జోలికి పోకండి. వేసవిలో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, డబ్బేదో మేడ మీదే పెట్టండి.

పడమటి గోడే అని తేలితే కారణం సులువు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ సాయంత్రం దాకా ఎండ తాగి, మీరు పడుకునే వేళకి లోపలికి వదులుతుంది. "గోడ మందంగానే ఉంది కదండీ" అంటాడు మేస్త్రీ. మందం వల్ల వేడి ఆలస్యంగా వస్తుందంతే.

పరిష్కారం: ముందు చవకది. గోడకి అడుగు దూరంలో షేడ్ నెట్ కట్టండి, గోడకి తెల్ల రంగు వేయండి. చాలకపోతే బయటివైపు 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ షీటు (థర్మోకోల్ జాతిదే, గట్టి ఫోమ్) అంటించి, ఫైబర్ మెష్ (సన్న జాలీ) మీద ప్లాస్టరింగ్ చేయించాలి. అపార్ట్‌మెంట్‌లో బయట ముట్టుకోనివ్వరు కాబట్టి షీటు లోపలే వేసి జిప్సం బోర్డు కప్పండి. రాత్రిపూట మాత్రమే ఏసీ వాడే గదికి నిజానికి ఇదే నయం, ఏసీ ఇటుకల్ని కూడా చల్లబరచాల్సిన పని తప్పుతుంది. థర్మోకోల్‌ని మాత్రం బోర్డు లేకుండా గదిలో వదలకండి. అంటుకుంటే పొగ ప్రాణాంతకం.

షీటు వేశాక కూడా ఒకచోట నిలువు గీతలా వేడి తగులుతోందా? అక్కడ పిల్లర్ ఉంటుంది. కాంక్రీటు ఇటుక కంటే త్వరగా వేడిని లోపలికి పంపుతుంది. పిల్లర్లు, బీములు వదిలేసి మధ్యలో గోడకే షీటు వేస్తే ఇంతే. వాటి మీద కూడా వేయించాలి.

బోర్డు వెనక బూజు వాసన వస్తే రెండు అనుమానాలు. ఒకటి, పాత చెమ్మ: బాత్రూం పైపు లీకేజీ ఆపకుండా బోర్డు కప్పేసి ఉంటారు. రెండోది విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఎక్కువ. బయటి తేమ గాలి గోడలోంచి లోపలికొచ్చి, ఏసీ చల్లదనానికి బోర్డు వెనక నీరవుతుంది. గదివైపు వినైల్ వాల్‌పేపర్ అంటిస్తే ఆ తడి ఆరే దారే ఉండదు. దాన్ని పీకేసి మామూలు రంగు వేయండి.

ఇల్లు ఇంకా కట్టలేదా? పడమటి వైపైనా ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మలు) అడగండి. ఇటుకతో పోలిస్తే సుమారు నాలుగో వంతు వేడినే పంపుతాయి. పిల్లర్‌ని కలిసేచోట పగుళ్లు రాకుండా ప్లాస్టరింగ్ కింద మెష్ వేయించండి. ఆ రోజు మీరు దగ్గరుండాలి.